చెరకు తోటల చాటున పుట్టిన పాట
సోకా, డాన్స్‌హాల్ గాయకుల చరిత్ర మనకు చెప్పే సంగతి

మన మారిషస్ తెలుగువారి ఇండ్లలో పెండ్లి జరిగితే, మంత్రాలు, మంగళ వాద్యాలు ముగిసి, అరిటాకుల్లో భోజనాలు కూడా అయిపోయిన తరువాత యువతీయువకులు తమకు నచ్చిన సంగీతం పెట్టుకొంటారు. అందులో మన దేశపు సెగా వుంటుంది, సెగ్గే వుంటుంది. వాటి వెంబడే ఎక్కడో అట్లాంటిక్ సముద్రం అవతలనుంచి వచ్చిన సోకా పాటలూ, జమైకా డాన్స్‌హాల్ పాటలూ వుంటాయి. పెద్దలలో కొందరు "ఇదేం గోల" అని లేచి వెళ్ళిపోతారు. ఈ ప్రత్యేక సంచికలో మేము ఆ గోలను గురించే నాలుగు మాటలు వ్రాయదలచాము. ఎందువల్లనంటే ఆ గోలలో మన తాతముత్తాతల కాలంలోనే, మన తాతముత్తాతల వలెనే ఓడలెక్కి పోయినవారి చేతి దరువు వున్నది. అది అక్కడికి ఎట్లా చేరింది, ఎవరు చేర్చారు, చేర్చినందుకు వారికి ఏమి దక్కింది అనేది తెలుసుకోదగిన చరిత్ర.

ఒకే కథ, వేరు వేరు రేవులు

1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అనే ఓడ పోర్ట్ లూయీ రేవుకు చేరిన సంగతి మన బడిపిల్లలందరికీ తెలుసు. ఆ తరువాత నాలుగేండ్లకే, 1838 మే 5న, అటువంటివే రెండు ఓడలు, 'విట్బీ', 'హెస్పెరస్' అనేవి, దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా చేరాయి. 1845 మే 10న జమైకాకూ, అదే నెల 30న 'ఫతల్ రజాక్' ఓడమీద ట్రినిడాడ్‌కూ కూలీలు వెళ్ళారు. అంతటా చెరకు తోటలే, అంతటా గిర్మిట్ ఒప్పందమే. 1917లో ఈ ఎగుమతి ఆగిపోయేనాటికి గయానాకు దాదాపు 2,39,000 మంది, ట్రినిడాడ్‌కు 1,44,000 మంది, జమైకాకు 36,000 మంది చేరినట్లు లెక్కలు చెబుతున్నాయి.

వీరిలో చాలమంది కలకత్తా రేవునుంచి ఎక్కిన భోజ్‌పురీవారు. మద్రాసు రేవునుంచి ఎక్కినవారు నూటికి పదిమందికి లోపే. ఆ కొద్దిమందిలో తమిళులూ, తెలుగువారూ కలిసిపోయి వున్నారు. ఓడ గుమాస్తాలు అందరినీ కలిపి 'మద్రాసీ' అని వ్రాసుకొన్నారు. ఇక్కడ మనకు గోదావరి ముఖద్వారంలోని రేవు పేరుమీద 'కోరంగి' అనే గుర్తయినా మిగిలింది. అక్కడి మనవారికి ఆ పాటి గుర్తు కూడా మిగలలేదు.

అయితే ఒకటి మిగిలింది. గయానాలో ఇప్పటికీ మద్రాసీ సంతతివారు కొలిచే కాళీమాయి గుడులలో పూజకు మ్రోగే వాద్యాన్ని 'తప్పు' అని పిలుస్తారు. గుండ్రని చట్రానికి తోలు బిగించి పుల్లలతో వాయించే వాద్యమది. మన ఊళ్ళలో అమ్మోరి పండుగకు వాయించే తప్పెటకూ, డప్పుకూ తోబుట్టువు. మాట పోయింది, లిపి పోయింది, ఇంటిపేర్లు గుర్తుపట్టలేనట్లు మారిపోయాయి. తోలువాద్యం మాత్రం పేరుతో సహా నిలిచింది. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు మనసులో వుంచుకోవాలని మా కోరిక. ఇక ముందు చెప్పబోయే గాయకుల కథలకు ఇదే మూలసూత్రం.

పాటగాడి బ్రతుకు

ట్రినిడాడ్‌లో ఏటా, క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే ముందటి సోమ మంగళవారాలలో కార్నివాల్ జరుగుతుంది. దానికి ప్రాణం కాలిప్సో పాట. ఆఫ్రికానుంచి బానిసలుగా తేబడినవారి సంతతి కట్టుకొన్న పాట ఇది. దొరలను ఎగతాళి చేయటం, ఊరి గుట్టు రట్టు చేయటం, ధరలూ, రాజకీయాలూ, ఆడా మగా సరసాలూ అన్నీ అందులోకి వస్తాయి. మన ఊళ్ళలో పగటివేషగాండ్లు మునసబునూ, కరణాన్నీ వెక్కిరించినట్లే అనుకోవచ్చు. పాటగాండ్లు 'లార్డ్' అనీ, 'మైటీ' అనీ తమకు తామే బిరుదులు తగిలించుకొంటారు. జనవరినుంచి కార్నివాల్ దాకా 'టెంట్లు' అనే పాటశాలల్లో పాడుతారు. ఏ పాట వీధుల్లో ఎక్కువసార్లు మ్రోగితే అది ఆ యేటి 'రోడ్ మార్చ్'. పోటీలో నెగ్గినవాడు 'కాలిప్సో రాజు'. రెండు మాసాల్లో వచ్చిన పేరుతో, డబ్బుతో యేడాదంతా గడుపుకోవాలి. అదీ వారి వృత్తి.

ఆ రాజరికం ఎంత బీదదో 1956లో లోకానికి తెలిసింది. ఆ యేడు గెలిచినవాడు గ్రెనడా దీవిలో పుట్టి ట్రినిడాడ్‌లో పెరిగిన మైటీ స్పారో అనే యువకుడు. కార్నివాల్ అందాలరాణికి వేల డాలర్ల బహుమతి ఇచ్చి, ఆయన చేతిలో మాత్రం కొద్ది పదుల డాలర్లు పెట్టారు. మరుసటి యేడు స్పారో పోటీకి రానన్నారు. ఆ సంగతినే పాటగా కట్టి పాడారు. పాటగాడికి కూడా కూలి గిట్టాలి అనే మాట అప్పటినుంచి గట్టిగా వినవచ్చింది. చెరకు తోటల సంతతికి కూలి తగాదా అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు గదా!

ఆరున్నర అడుగుల 'పొట్టివాడు'

సోకా సంగీతానికి పితామహునిగా అందరూ ఒప్పుకొనేది గార్ఫీల్డ్ బ్లాక్‌మన్ అనే ఆయనను. 1941లో దక్షిణ ట్రినిడాడ్‌లో, ప్రిన్సెస్ టౌన్ దగ్గర లెంగువా అనే పల్లెలో పుట్టారు. జాతికి ఆఫ్రికన్ సంతతివారు. కాని ఆ పల్లె భారతీయులు ఎక్కువగా వున్న పల్లె. పెండ్లిండ్లలో మ్రోగే ఢోలక్, ఇనుప కడ్డీని నాడా ఆకారపు ముక్కతో కొట్టే ధన్‌తాల్, ఊరేగింపుల తాషా, ఇవన్నీ ఆయన చెవులకు పసితనంనుంచి అలవాటైనవే. మనిషి దాదాపు ఆరున్నర అడుగుల పొడుగు. అందుకే హాస్యానికి 'లార్డ్ షార్టీ', అంటే పొట్టిదొర, అని పేరు పెట్టుకొన్నారు.

1970 ప్రాంతంలో కాలిప్సోకు గడ్డురోజులు వచ్చాయి. జమైకానుంచి రెగ్గే, అమెరికానుంచి సోల్ సంగీతం వచ్చి యువకులను లాగేసుకొంటున్నాయి. కాలిప్సో చచ్చిపోతున్నదని పత్రికలు వ్రాశాయి. షార్టీ వేరే దేశం సంగీతం వైపు చూడలేదు. తన పల్లె వైపే చూశారు. ట్రినిడాడ్‌లో రెండు పెద్ద జాతులున్నాయి, ఒకరి పాట ఒకరికి వినబడటంలేదు, రెండు లయలనూ కలిపితే కొత్త బలం వస్తుంది అని ఆలోచించారు. 1973లో 'ఇంద్రాణి' అనే పాటను ఢోలక్, ధన్‌తాల్, మాండొలిన్‌లతో రికార్డు చేశారు.

రెండు వైపులనుంచీ తిట్లు వచ్చాయి. కాలిప్సోను భారతీయం చేసి పాడుచేస్తున్నాడని ఆయన జాతివారు అన్నారు. పాటలో భారతీయ స్త్రీని చూపిన తీరు బాగులేదని భారతీయులలో కొందరు నొచ్చుకొన్నారు. షార్టీ వెనక్కు తగ్గలేదు, కాని ఉపాయం మార్చారు. భారతీయ వాద్యాలను తీసివేసి, వాటి నడకను మాత్రం డ్రమ్ములమీదికీ, గిటారుమీదికీ, బేస్‌మీదికీ ఎక్కించారు. వాద్యం కంటికి కనబడదు, దరువు మాత్రం వినబడుతుంది! 1974లో వచ్చిన 'ఎండ్‌లెస్ వైబ్రేషన్స్' జనాన్ని ఊపివేసింది. అప్పుడు ఎవరూ భారతీయం అనలేదు, అందరూ ఎగిరారు. ఈ కొత్త సంగీతానికి ఆయన పెట్టిన పేరే సోకా. కాలిప్సో ఆత్మ అని దానికి అర్థం. మొదట ఆయన దాని చివర 'కహ్' అని వచ్చేటట్లు వ్రాసేవారు. ఆ 'కహ్' భారతీయ లయకు గుర్తు అని చెప్పేవారు. వాడుకలో ఆ గుర్తు రాలిపోయి 'సోకా' మిగిలింది.

70వ దశకం చివర ఆయన 'ఓం శాంతి ఓం' అని ఒక పాట పాడారు. 1980లో వచ్చిన హిందీ చిత్రం 'కర్జ్'లో ఆ మాటలతోనే వున్న పాటను మన పాఠకులలో చాలమంది వినే వుంటారు. ట్రినిడాడ్ పాట బాణీనుంచే అది పుట్టింది. 2007లో అదే పేరుతో ఇంకొక హిందీ చిత్రం కూడా వచ్చింది. లెంగువా పల్లెలో భారతీయుల ఇండ్ల ప్రక్కన పెరిగిన ఒక ఆఫ్రికన్ సంతతి గాయకుని బాణీ బొంబాయి చేరటం ఎంత చిత్రమైన ప్రయాణం!

కీర్తి శిఖరంమీద వుండగానే షార్టీకి విరక్తి కలిగింది. తాను పుట్టించిన సంగీతం తాగుడుకూ, అసభ్యానికీ వాహనమైందని బాధపడ్డారు. 1980 ప్రాంతంలో కుటుంబంతో సహా పిపారో అడవి ప్రాంతానికి వెళ్ళి, రాస్ షార్టీ ఐ అని పేరు మార్చుకొని, భార్యాబిడ్డలతో కలిసి భక్తిగీతాలు పాడారు. మత్తు పదార్థాలకు దూరంగా వుండమని పిల్లలను హెచ్చరిస్తూ ఆయన పాడిన పాట అనేక దేశాల్లో ప్రసిద్ధి కెక్కింది. 2000 జూలైలో పరమపదించారు.

నానా, నానీ పాట

షార్టీ బయటినుంచి లోపలికి వచ్చినవారైతే, సుందర్ పోపో లోపలినుంచి బయటికి వచ్చినవారు. 1943లో బారక్‌పోర్ అనే ఊళ్ళో పుట్టారు. తల్లి పాటగత్తె, తండ్రి తాషా వాయించేవారు. ఈయన ఒక కార్ఖానాలో కావలి ఉద్యోగం చేసుకొంటూ పెండ్లిండ్లలో పాడేవారు. 1969లో ఒక పెండ్లిలో ఆయన పాట విన్న రేడియో వ్యాఖ్యాత మొయీన్ మహమ్మద్ ఆయనచేత 'నానా నానీ' అనే పాట రికార్డు చేయించారు. సగం ట్రినిడాడ్ భోజ్‌పురీ, సగం ట్రినిడాడ్ ఇంగ్లీషు. అమ్మమ్మ తాతయ్యల సంసారాన్ని గురించిన సరదా పాట.

ఇందులో విశేషమేమున్నది అని అడగవచ్చు. అప్పటిదాకా ట్రినిడాడ్ భారతీయులు గొప్ప పాట అంటే బొంబాయి సినిమా పాటే అనుకొనేవారు. అచ్చం రఫీ వలె, లత వలె పాడినవాడే గాయకుడు. ఇంట్లో ఆడవారు మట్టికోళ్ళనాడు, పురుడునాడు పాడుకొనే పాటలను నలుగురిలో పాడటం నామోషీ. సుందర్ పోపో ఆ నామోషీని వదిలివేశారు. తన ఇంటి భాషలో, తన ఇంటి సంగతి పాడారు. ఇంటిల్లిపాదీ ఎన్నడూ రేడియోలో వినని తమ మాటను అప్పుడు విన్నారు. ఈ పాటలకే తరువాత 'చట్నీ' అని పేరు వచ్చింది. ఫులౌరీ, చట్నీల మీద ఆయన కట్టిన పాటను బొంబాయి జంట బాబ్లా, కంచన్ పాడగా అది భారతదేశంలో కూడా మ్రోగింది. పంపినచోటికే పాట తిరిగివెళ్ళిందన్న మాట.

1995లో బ్లాక్ స్టాలిన్ అనే ఆఫ్రికన్ సంతతి గాయకుడు కాలిప్సో కిరీటం గెలుచుకొన్నారు. ఆనాడు ఆయన పాడిన రెండు పాటల్లో ఒకటి సుందర్ పోపోకు నివాళి. ఒక కావలివాని పాటకు, వేరొక జాతివాడు, జాతీయ వేదికమీద ఇచ్చిన గౌరవమది. చక్కెర వ్యాధితో కృశించి సుందర్ పోపో 2000 మే నెలలో మరణించారు. ఆయన తరువాత రెండు మాసాలకే షార్టీ. సోకాను పుట్టించిన చేయి, చట్నీని పుట్టించిన గొంతు ఒకే యేట వెళ్ళిపోయాయి.

ఆడవారి పోరాటం

ఈ సంగీతంలో ఆడవారి దారి ఇంకా ముళ్ళదారి. టొబాగోలో 1940లో పుట్టిన కాలిప్సో రోజ్ తండ్రి క్రైస్తవ బోధకుడు. కూతురు పాటలు పాడటం ఆయనకు ఇష్టంలేదు. అయినా ఆమె ముందుకే నడిచారు. 1977లో రోడ్ మార్చ్ గెలిచిన మొదటి స్త్రీ ఆమె. 1978లో కిరీటం కూడా ఆమెదే. అంతవరకు 'కాలిప్సో రాజు' అని వున్న బిరుదును ఆమె కారణంగా 'మొనార్క్' అని మార్చవలసివచ్చింది. రాజు అన్నా రాణి అన్నా సరిపోయే మాట అది. 2017లో, డెబ్బై ఆరేండ్ల వయసులో, ఫ్రాన్సు దేశపు పెద్ద సంగీత పురస్కారం కూడా అందుకొన్నారు.

భారతీయ సంతతి ఆడపిల్లకు ఇంకొక చిక్కు కూడా వున్నది. పెనాల్ ప్రాంతంలో పుట్టిన ద్రుపతీ రామ్‌గూనాయి పేరు అక్కడివారు పలికే తీరులో వుంది గాని, మన ద్రౌపదే అది. చిన్ననాడు భజనలు, శాస్త్రీయ గీతాలు నేర్చుకొన్న ఈమె 1987లో 'చట్నీ సోకా' అనే పేరుతో పాట విడుదల చేశారు. ఆ సంగీతానికి ఆ పేరు స్థిరపడింది. మరుసటి సంవత్సరం తాషా వాయించే బిసేసర్ అనే వాద్యకారుని గురించి ఆమె పాడిన పాట దేశమంతా మారుమ్రోగింది. కాలిప్సో టెంటులో భారతీయ స్త్రీ నడుము తిప్పుతూ పాడటమా అని పత్రికల్లో దుమారం లేచింది. కులం చెడింది, పరువు పోయింది అన్నారు. ఆమె ఏమి చేశారో మనం గమనించాలి. తిట్లకు తిట్లతో జవాబు చెప్పలేదు, పాడటం మానలేదు. పన్నెండేండ్ల తరువాత, 2000 సంవత్సరంలో, సోకా రాజుగా పేరుపొందిన మషేల్ మొంతానో ఆమెతో కలిసి ఐక్యతను గురించి ఒక పాట పాడారు. ఒకనాడు దుమారం రేపిన గొంతును మరొకనాడు దేశం తన ఐక్యతకు గొంతుగా చేసుకొన్నది.

మషేల్ కథ కూడా ఒకటి రెండు మాటల్లో చెప్పవలసిందే. 1974లో పుట్టిన ఈయన పదేండ్ల పసివాడుగా వుండగానే న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాడారు. సోకా పాడేందుకు ఇంత చిన్నవాడు తగునా అనే ఆక్షేపణనే పాటగా మలచి పేరు తెచ్చుకొన్నారు. అప్పటినుంచి నలభై యేండ్లుగా రంగంమీద నిలిచిన గాయకుడు. ఫే ఆన్ లయన్స్ అనే ఆమె 2009లో నిండు గర్భిణిగా వుండి పోటీలో పాడి, సోకా కిరీటాలతోపాటు రోడ్ మార్చ్ కూడా గెలిచారు. ఆమె తండ్రి సూపర్ బ్లూ 1980లోనే రోడ్ మార్చ్ గెలిచి, తరువాత దురలవాటుకు లోనై చితికిపోయి, 2013లో మళ్ళీ లేచి గెలిచిన గాయకుడు. ఈ వృత్తిలో పడిపోవటం ఎంత సులభమో, లేవటం ఎంత కష్టమో ఆయన జీవితమే సాక్ష్యం.

చిన్న దీవులవారిని కూడా మరువరాదు. మాంట్‌సెరాట్ అనే చిన్న దీవికి చెందిన ఏరో పాడిన 'హాట్ హాట్ హాట్' పాట 80వ దశకంలో ప్రపంచమంతా తిరిగింది. 1995లో ఆ దీవిలో అగ్నిపర్వతం బద్దలై ఊళ్ళు బూడిదలో మునిగిపోగా, మరుసటి యేడు ఆయనే పూనుకొని సహాయనిధికి పాటల పండుగ జరిపించారు. 2010లో మరణించారు.

జమైకా దారి

ఇక జమైకా. అక్కడి డాన్స్‌హాల్ కథ వేరు. కింగ్‌స్టన్ పేటల్లోని బీదలకు పెద్ద హోటళ్ళలో కచేరీలు వినే స్తోమత లేదు. వీధి మొగలో, ఖాళీ స్థలంలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసేవారు. ఆ బండినే 'సౌండ్ సిస్టమ్' అంటారు. రికార్డుకు వెనుకవైపు మాటలు లేని వాద్యసంగీతం వుండేది. మైకు పట్టుకొన్నవాడు దానిమీద అప్పటికప్పుడు మాటలు అల్లి పాడేవాడు. ఆ వాద్యసంగీతాన్ని 'రిడిమ్' అంటారు. ఒకే రిడిమ్ మీద పదిమంది పది పాటలు కట్టవచ్చు. ఒకే వరుసమీద ఊరికొక పాట కట్టుకొనే మన జానపదులకు ఇది వింతకాదు.

ఈ రంగంలో మొదటి మహాతార యెల్లోమన్. పుట్టుకతో చర్మానికి రంగులేనివాడు కావటంచేత లోకం వెలివేసింది, అనాథాశ్రమంలో పెరిగారు. తనను వెక్కిరించిన రంగునే పేరుగా పెట్టుకొని రాజయ్యారు. 1984లో అమెరికాలోని పెద్ద రికార్డుల కంపెనీ ఆయనతో ఒప్పందం కుదుర్చుకొన్నది. దవడకు కాన్సరు వచ్చి శస్త్రచికిత్సతో ముఖమే మారిపోయినా మళ్ళీ వేదిక యెక్కారు. 1985లో కింగ్ జామీ అనే నిర్మాత చేతిలో ఒక చిన్న కాసియో కీబోర్డులోని దరువు 'స్లెంగ్ టెంగ్' రిడిమ్‌గా మారింది. వాద్యబృందం లేకుండానే పాట తయారు కావచ్చునని తెలిసింది. బీదకుర్రవాండ్లకు తలుపు తెరుచుకొన్నది. వాద్యకారులకు మాత్రం కూడు తగ్గింది. షబ్బా రాంక్స్ 1992, 1993 సంవత్సరాలలో వరుసగా గ్రామీ బహుమతులు తెచ్చుకొన్నారు.

మనకు ఆసక్తి కలిగించేది సూపర్ క్యాట్ కథ. 1963లో కింగ్‌స్టన్‌లో పుట్టిన ఈయన అసలు పేరు విలియం మరాగ్. ఆఫ్రికా, భారతదేశాల రక్తం కలిసినవారు. మరాగ్ అన్నది మహరాజ్ అనే మాటకు జమైకా రూపం. చిన్ననాటినుంచి సౌండ్ సిస్టముల చుట్టూ తిరిగి, 1992 నాటికి అమెరికాలో పెద్ద పేరు తెచ్చుకొన్నారు. 'వైల్డ్ అపాచీ' అనేది ఆయన బిరుదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఒక పంజాబీ యువకుడు ఆయనమీది అభిమానంతో 'అపాచీ ఇండియన్' అని పేరు పెట్టుకొన్నారు. 1993లో పెద్దలు కుదిర్చే పెండ్లిమీద జమైకా యాసలో, పంజాబీ మాటలు కలిపి పాట పాడారు. ఆయనచేత ఏ. ఆర్. రహ్మాన్ 1996లో తమిళ చిత్రం 'లవ్ బర్డ్స్'లో పాడించారు. జమైకానుంచి బర్మింగ్‌హాము, అక్కడినుంచి మద్రాసు! మద్రాసు రేవునుంచి కూలీలను ఎక్కించిన ఓడల దారిలోనే పాట వెనక్కు వచ్చింది.

లెన్కీ మార్స్‌డెన్ అనే జమైకా వాద్యకారుడు చప్పట్లతో నడిచే ఒక రిడిమ్ తయారుచేసి దానికి 'దీవాలీ' అని పేరు పెట్టారు. దానిమీదనే షాన్ పాల్ పాడిన పాట 2003లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి యెక్కింది. కోట్లమంది ఎగిరిన ఆ పాట దరువు పేరు మన దీపావళి అని ఎగిరినవారిలో ఎందరికి తెలుసు?

మంచి చెడ్డలు

ఈ సంగీతమంతా మంచిదే అని మేము వాదించబోవటం లేదు. డాన్స్‌హాల్‌లో తుపాకులను పొగిడే పాటలూ, కొందరు మనుషులమీద ద్వేషం నూరిపోసే పాటలూ వున్నాయి. వాటివల్ల కొందరు గాయకుల కచేరీలు విదేశాల్లో రద్దయ్యాయి. చట్నీ సోకాలో తాగుడును గొప్పచేసే పాటలు మితిమీరాయని ట్రినిడాడ్ పెద్దలే బాధపడుతున్నారు. తోటల్లో కూలీలను నాశనం చేసినది రమ్ము సీసాయే. మనవలు దానినే పాటగా పాడటం విచారకరమే.

ఐక్యత కూడా పాటతోనే రాలేదు. 1996లో బ్రదర్ మార్విన్ అనే గాయకుడు 'జహాజీ భాయి' అని పాడారు. ఒకే ఓడలో వచ్చిన అన్నదమ్ములు అని దాని అర్థం. ఆయన తన వంశంలోనే భారతీయ పూర్వీకుడున్నాడని చెప్పుకొని, రెండు జాతులూ ఒకటే అన్నారు. భారతీయులు హత్తుకొన్నారు. ఆఫ్రికన్ సంతతివారిలో కొందరు మాత్రం, మా ఓడలు వేరు, మా సంకెళ్ళు వేరు, మా చరిత్రను ఇందులో కలిపేయవద్దు అని ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కూడా న్యాయమున్నది. అదే యేట చట్నీ సోకాకు ప్రత్యేకంగా పోటీ మొదలై, సోనీ మాన్ అనే గాయకుడు మొదటి కిరీటం అందుకొన్నారు. సొంత వేదిక వచ్చినందుకు సంతోషించినవారూ వున్నారు, మళ్ళీ వేరుపడ్డామే అని చింతించినవారూ వున్నారు.

మనకు తెలియవలసినది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ట్రినిడాడ్‌లో భోజ్‌పురీ ఇండ్లలో మాట్లాడే భాషగా దాదాపు కనుమరుగైపోయింది. ముసలివారి నోట తప్ప వినబడదు. కాని లక్షలమంది యువకుల నోట దాని మాటలు ఆడుతున్నాయి. నానా, నానీ, దుల్హిన్, జహాజీ వంటి మాటలన్నీ పాటల్లో బ్రతికే వున్నాయి. అర్థం తెలిసి పాడేవారు కొందరు, తెలియక పాడేవారు మరికొందరు. పాట భాషను పూర్తిగా కాపాడలేదు. కాని ఆనవాలు చెరిగిపోకుండా నిలిపింది.

అక్కడి తెలుగుకు ఆ ఆనవాలు కూడా దక్కలేదు. కొద్దిమంది కావటం ఒక కారణం. బడి లేదు, సభ లేదు. అంతకంటె పెద్ద కారణం, తెలుగు మాటను కొత్త బాణీలో కట్టి నలుగురిలో పాడిన సుందర్ పోపో వారికి దొరకలేదు. గుడిలో తప్పు మ్రోగుతూనే వుంది, దానితో పాడిన తెలుగు పాట మాత్రం ఆగిపోయింది.

మన స్థితి అంతకంటె మేలు. 1946నుంచి మనకు మహాసభ వున్నది. బడుల్లో తెలుగు చెబుతున్నారు. ఉగాది మన దేశంలో సెలవుదినం. దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ రామభజన పాడే ఊళ్ళు ఇంకా వున్నాయి. అయినా నిజం చెప్పుకొంటే, మన ఇండ్లలో చాలవాటిలో పొయ్యి దగ్గరా, మంచం దగ్గరా మాట్లాడుకొనేది క్రియోలే. తెలుగు పూజగదికీ, పాఠ్యపుస్తకానికీ పరిమితమవుతున్నది. పండుగనాడే పట్టుచీర తీసినట్లు భాషను తీసి మళ్ళీ పెట్టెలో పెడితే, పట్టు చివికిపోతుందే గాని నిలవదు.

మన దేశంలోనే కాయా అనే గాయకుడు సెగానూ, జమైకా రెగ్గేనూ కలిపి సెగ్గే అనే కొత్త సంగీతం కట్టారు. ఆయన 1999లో పోలీసు నిర్బంధంలో మరణించినప్పుడు దేశమంతా అట్టుడికిపోయింది. అంత లోతుగా ఆ పాట జనంలోకి దిగింది. సంప్రదాయ సెగాను 2014లో, భోజ్‌పురీవారి గీత్ గవాయిని 2016లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. వారి ఆడవారి పెండ్లి పాటలకు ప్రపంచ గౌరవం దక్కినప్పుడు, మన అవ్వల పాటలను మనం ఎంతవరకు వ్రాసి వుంచుకొన్నాము?

అందుచేత మా సూచనలు రెండే రెండు. మొదటిది, ప్రతి కుటుంబమూ ఇంట్లో పెద్దవారు వుండగానే వారికి వచ్చిన పెండ్లి పాటలు, అమ్మోరి పాటలు, భజనలు రికార్డు చేసి, అర్థం కూడా అడిగి వ్రాసుకోవాలి. పదం మిగిలి అర్థం పోవటం ఎటువంటి నష్టమో ట్రినిడాడ్ చూపుతూనే వున్నది. రెండవది, మన పిల్లలు ఆ పాటలను గిటారుమీదనో, రవాన్‌మీదనో, సెగా దరువుమీదనో పాడతామని వస్తే "పాడుచేస్తున్నారు" అని తరమవద్దు. షార్టీని అన్న మాటే అది, ద్రుపతీని అన్న మాటే అది. పిల్లలకు మాట తప్పులు దిద్దుదాము, అర్థం చెబుదాము, తాళం మాత్రం వారిని వేసుకోనిద్దాము.

పూర్వీకులు మూటలో కట్టి తెచ్చినవి చెంబూ, గుడ్డలూ మాత్రమే కాదు. వారి చేతుల్లో దరువు వున్నది, నోట్లో పాట వున్నది. కరిబియన్‌లో మనవారికి దరువు నిలిచింది. మనకు దరువూ, పాటా రెండూ ఇంకా వున్నాయి. రెండింటినీ పిల్లల చేతుల్లో పెట్టటం ఈ తరంవారిగా మన వంతు. ఈ పండుగ వేదికమీద వచ్చే యేడు అటువంటి పాట ఒక్కటైనా వినబడాలని ఆశిస్తున్నాము.